పాత బ్రౌజర్‌కు ఆదరణ కూడిక

జీవన్‌కి ఏలూరు పవర్‌పేటలో ఒక గది, రెండు కంప్యూటర్లు, ఎవరూ నేర్పకుండా పట్టుబడిన విద్య ఒకటి ఉన్నాయి. గణపవరంలో చేపల మేత కొట్లకీ, పెదవేగిలో పామాయిల్ నర్సరీలకీ వెబ్‌సైట్లు కట్టిచ్చేవాడు. తాడేపల్లిగూడెంలో తను పుట్టి పెరిగిన చర్చి సంఘానికి మాత్రం ఊరికే కట్టాడు. ఊరికే చేసిన పనికే చాకిరీ ఎక్కువని వాడికి అప్పుడు తెలీదు.

ఆ చాకిరీ పేరు ప్రసన్నకుమారి టీచరుగారు. సండేస్కూల్లో వాడి చెవి మెలిపెట్టిన ఆవిడ. టైపు నేర్చిన చేతులు కావడంతో ఫోను అద్దం మీద రాయడం ఆవిడకి ఎప్పటికీ అలవాటు కాలేదు. స్కూలు వాళ్ళు వదిలించుకున్న కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చుకుని, దానితోపాటే వచ్చిన పాత బ్రౌజర్‌లో సంఘం సైటు తెరిచి, వారం వారం ప్రార్థన విన్నపం పంపేది. ఆదివారం పాస్టరుగారు ఆ విన్నపాలు చదివితే అందరూ ప్రార్థన చేస్తారు.

ఫోన్లన్నిటిలో పెళ్ళికూతురిలా కనిపించే సైటు ఆ బ్రౌజర్‌లో మాత్రం గాలివానకి కూలిన పందిరిలా ఉండేది. ఫొటోలు వచ్చి అక్షరాల మీద కూర్చునేవి. ఒకటి సరిచేస్తే ఇంకోటి ఒరిగేది. కొత్త బ్రౌజర్ వేద్దామంటే ఆ కంప్యూటర్ మోయలేదు. "ఒరేయ్ జీవన్, పంపే బొత్తాం మళ్ళీ కనపట్టం లేదురా, ఎక్కడ దాచావు?" అని ఫోను వచ్చేది. వాడు తిట్టుకుంటూ రైలెక్కేవాడు. ఆవిడ పెట్టిన చేపల పులుసు తిని, తిట్లు అక్కడే మర్చిపోయి వచ్చేవాడు.

ఒకసారి బాగా విసుగెత్తి కొంటెబుద్ధి పుట్టింది. పాత బ్రౌజర్‌లోంచి విన్నపం పంపితే తెర మీద నల్లంచు కార్డు వచ్చేలా పెట్టాడు. సంఘంలో ఎవరైనా పోతే పంచుతారే, అచ్చం అలాంటిది. పైన 'ప్రభువునందు నిద్రించెను', పక్కన లిల్లీల ఫొటో, కింద 'మన పాత బ్రౌజర్ తాతగారు, పండు వృద్ధాప్యములో', చివర 'ఆదరణ కూడికకు కొత్త బ్రౌజర్‌తో రండి'. టీచరుగారి చెల్లెలి కొడుకు నెల్సన్‌కి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. పెద్దమ్మ మొదట నవ్వి, తర్వాత చెవి మెలిపెడుతుందని తేల్చాడు. జీవన్‌కి కావలసిందీ అదే.

అయితే కార్డుని చూసుకున్నది తన కొత్త బ్రౌజర్‌లో. పాతదానిలో తెరిచి చూడాలని వాడికి తట్టలేదు.

అంతలో నెల్సన్ వాళ్ళమ్మ పుష్పలతకి ఏలూరులో గుండె ఆపరేషన్ జరిగింది. తాడేపల్లిగూడెంలో టీచరుగారు చెల్లెలి పేరు రాసి బొత్తాం నొక్కింది. కార్డు వచ్చింది. ఎప్పటిలాగే ఫొటో జారి కింది అక్షరాల మీద కూర్చుంది. ఆవిడకి కనిపించింది నల్లంచు, 'ప్రభువునందు నిద్రించెను' అన్న మాట, అంతే. సంఘానికి తనకంటే ముందే కబురందిందనుకుంది. నెల్సన్‌కి ఫోను చేస్తే ఆసుపత్రి లోపల కలవలేదు. తెల్లచీర కట్టుకుని, కీర్తనల పుస్తకం పట్టుకుని రైలెక్కేసింది.

ఆమె ఆసుపత్రి గదిలోకి వచ్చేసరికి పుష్పలత మంచం మీద ఆనుకుని కూర్చుని, జీవన్ తెచ్చిన ఇడ్లీ తింటోంది.

"ఎవరు పోయారక్కా?" అంది, ఆ చీర చూసి.

టీచరుగారు మంచం కడ్డీ పట్టుకుని, చెల్లెలి పాదాలు తడిమి చూసుకుంది. తర్వాత కార్డు సంగతి చెప్పింది. ఆదరణ కూడికలో పోయినవాళ్ళ మంచి గురించి సాక్ష్యం చెప్పాలి కదా, రైల్లో ఆ మాటలే కూర్చుకుంటూ వచ్చానంది.

"ఏదీ, చెప్పు మరి. తర్వాతెలాగూ వినను కదా," అంది పుష్పలత.

టీచరుగారు నవ్వలేదు. నెల్సన్ నేల చూపులు చూస్తున్నాడు. జీవన్ ఇడ్లీ పొట్లం కింద పెట్టి, అది తన పనేనని చెప్పాడు.

"మీరా అండీ పెట్టింది?"

టీచరుగారి నోట వాడు మీరు అనిపించుకోవడం అదే మొదలు.

"నవ్వుతారనుకున్నానండీ."

"ఆ రైల్లో నన్ను చూసుంటే మీకూ నవ్వు వచ్చేది కాదండీ."

ఆ సాయంత్రమే వాడు కార్డు తీసేశాడు. పాత బ్రౌజర్‌కి ఫొటోలేవీ వెళ్ళకుండా ఆపాడు. బొత్తాం చక్కగా బయటికొచ్చింది. టీ చల్లారేలోపు అయిపోయిన పని. సైటు అందం చెడుతుందని ఇన్నాళ్ళూ చేయనిది అదొక్కటే.

పుష్పలత కోలుకుని ఇంటికెళ్ళాక, జీవన్ గూడెం వెళ్ళాడు. కంప్యూటర్ మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. విన్నపాలు ఇప్పుడు కాగితం మీద రాసి పాస్టరుగారి చేతికే ఇస్తోందట. ఒక్కసారి తెరిచి చూపిస్తానని బతిమాలాడు.

"వద్దులెండి, మీకెందుకు శ్రమ," అంది. చుట్టాలొస్తే తీసే కప్పులో టీ ఇచ్చింది.

వెళ్ళేటప్పుడు వాడు గడప దగ్గర ఆగి, తల కాస్త వంచి, చెవి ఆవిడకి అందేలా నిలబడ్డాడు. ఆవిడ వాడి చెప్పులు పక్కకి పోయాయని చూపించి, జాగ్రత్తగా వెళ్ళి రండి అంది.