అత్తయ్య కొప్పులో చిలకపచ్చ పాయ

నిన్న మా మనవరాలు పార్లర్ నుంచి వచ్చి, జుట్టులో ఒక పాయకు వేయించుకున్న ఆకుపచ్చ రంగు చూపించి ఎలా ఉందని అడిగితే, మెచ్చుకోవడం మాని పడీపడీ నవ్వాను. పాపం, మూతి ముడుచుకుంది. సరిగ్గా అలాంటి పాయనే మా అత్తయ్య నెలల తరబడి కొప్పులో దాచుకున్న సంగతి దానికేం తెలుసు?

అప్పుడు మా కాపురం పాతబస్తీ హుస్సేనీ ఆలంలో. ఫ్రెంచి క్లాసులో సీటు దొరక్క నేర్చుకున్న స్పానిష్ ఏ మూలకు పనికొస్తుందని చుట్టాలందరూ ఆటపట్టిస్తున్న రోజుల్లో, ఉస్మాన్‌గంజ్ సేటు ఒకాయన, స్పెయిన్ నుంచి తెప్పించిన జుట్టు రంగుల డబ్బాల్లోని వాడకం కాగితాలు ఇంగ్లీషులోకి మార్చిపెట్టమని కబురంపాడు. అదే నా మొదటి పని; నచ్చితే ఇకపై వచ్చే కాగితాలన్నీ నాకే ఇస్తానన్నాడు. డిక్షనరీ చూసి ‘కస్తాన్యో’కు చెస్ట్‌నట్ అని రాశానే గానీ ఆ కాయ ముఖం నేనెన్నడూ చూసి ఎరగను, డబ్బా మీది బొమ్మ చూసిన అత్తయ్య మాత్రం, ఇది మన చింతగింజ రంగే కదా అని తేల్చేశారు.

అన్నీ కుదిరాయి, ఒక్క వాక్యం దగ్గర తప్ప. ముందు ఒక పాయకు వేసి చూడాలనీ, గోరింటాకు పెట్టే జుట్టుకైతే మరీ జాగ్రత్త అనీ అందులో ఉంది. “గిట్ల భయపెడితే ఎవరు కొంటరమ్మా? ఆ లైను తీసెయ్” అన్నాడు సేటు. ఆదివారం వస్తే మెహందీ పెట్టుకుని పాతగుడ్డ చుట్టుకున్న తలలు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. అలాంటి పాతబస్తీలో ఆ వాక్యం కొట్టేయడానికి నాకు చేతులు రాలేదు. కాదంటే పని పోతుంది. అన్నం సహించక కూర్చున్న నన్ను అత్తయ్య ఆరా తీసి, చెవి వెనక పాయ ఒకటి నా చేతికిచ్చి, ఆ డబ్బాలో రంగు వేసి చూడమన్నారు. నల్లగా రావాలని ఏవేవో మందులు కలిపి బజారులో అమ్మే నల్ల మెహందీ పొడి ఏళ్లుగా పెట్టిన జుట్టు అది. అరగంటలో చిలకపచ్చగా తేలింది! నాకు ఏడుపొచ్చింది, ఆవిడేమో అద్దంలో చూసుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ సాయంత్రమే నన్ను ఆటో ఎక్కించి, దుకాణంలో కొప్పు విప్పి, “చూడు భాయ్, ఒక్క పాయకే గిట్లయింది. తలంతా పెట్టుకున్నోళ్లు వస్తే నీ దుకాణంల మస్తు లొల్లయితది” అన్నారు. సేటు బిత్తరపోయి, ఆ తర్వాత నవ్వాపుకోలేక, ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాడు. ఆయన దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను.

ఇప్పుడు ఏ భాష కాగితమైనా ఫోను ముందు పెడితే క్షణంలో ఇంగ్లీషు అయిపోతుంది. సంతోషమే, నా కళ్లకూ హాయి. కానీ నేను రాసిన మాట నిలబడాలని తన జుట్టు నా చేతికిచ్చిన మనిషి మాత్రం ఇప్పుడు లేరు. అలిగి కూర్చున్న మనవరాలి పచ్చపాయ చేతిలోకి తీసుకుని, బాగుందే, అచ్చం మా అత్తయ్యలా ఉన్నావు అన్నాను.