లింగన్న సారు వేసిన ముడి

లింగన్న సారుకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎక్కడైనా, ఎవరిదైనా, ముడి వదులుగా కనబడితే ఆయన చేతులు ఆగవు. దాన్ని విప్పి మళ్లీ బిగించి కట్టేదాకా మాట వినబడదు, ఆకలి తెలియదు. ఇక ఆయన కట్టిన ముడిని మనిషి జన్మ ఎత్తినవాడెవడూ విప్పలేడు.

ఓసారి సూర్యాపేట బస్టాండులో పెళ్లివాళ్లు బస్సు టాపు మీద బీరువా కడుతున్నారు. తాడు వదులుగా ఉందని లింగన్న సారు అడగకుండానే నిచ్చెనెక్కి తానే కట్టాడు. ఆ బీరువా కోదాడలో దిగాలి. డ్రైవరు, కండక్టరు, పెళ్లికొడుకు మేనమామ అంతా కలిసి లాగినా దిగలేదు. అది బెజవాడ చూసుకుని తిరుగు ట్రిప్పులో కోదాడకొచ్చి, కత్తితో తాడు కోశాక దిగింది. ఇంకోసారి మాంసం కొట్టు ముందు కట్టేసిన మేక తాడు సరిచేశాడు. కొట్టువాడు మేకను విప్పలేక ఆ ఆదివారం కోళ్లమ్ముకున్నాడు.

పక్కింటి ముసలాయన పోయినప్పుడు పాడె కట్టింది కూడా ఈయనే. శ్మశానంలో నలుగురూ గోళ్లు విరగ్గొట్టుకుని, చివరికి కొడవలి కోసం మనిషిని ఊళ్లోకి పంపారు. పోయినాయన ఎటూ పారిపోడు గదా సారూ, అంత బిగించుడెందుకని ఎవరో విసుక్కున్నారు.

"తొవ్వల జారితే ఎవలు జవాబు?" అన్నాడు లింగన్న సారు.

ఆయన భార్య సువార్తమ్మ సర్కారు దవాఖానలో నర్సు. ఆమె బాధ ఆమెది. "నేను కాపురానికి వచ్చినకాడి నుంచి మా ఇంట్ల సంచులు పొట్టిగైతనే ఉన్నయి" అనేది. మూతి విప్పడం కుదరక, ప్రతి బియ్యం సంచినీ ముడి కిందికి కోసుకోవడమే ఆమె వంతు.

పట్టాళంలో హవల్దారుగా చేసి వచ్చి, ఓ ప్రైవేటు బడిలో డ్రిల్లు సారుగా కుదిరిన లింగన్న, సాయంత్రాలు పాత పత్తి గోదాములో పిల్లలకు జూడో నేర్పేవాడు. గోనె సంచుల్లో వరి పొట్టు కూరి, పైన టార్పాలిన్ పరిస్తే అదే చాప. ఆ ఆటలో ప్రత్యర్థిని కోటు పట్టుకుని ఎత్తెయ్యాలి. కోటును నిలిపేది నడుముకు కట్టిన బెల్టు. అంటే ముడి. లింగన్న సారు ఈ ఆటే ఎందుకు నేర్పాడో వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరు కలబడి ఊపు మీదుండగా గోదాము దద్దరిల్లేలా అరుపు వినిపించేది.

"ఆగు. ముడి సూడు."

అంతే. ఎవడు ఎవణ్ని ఎత్తి గాలిలో పట్టుకున్నా దించాల్సిందే. లింగన్న సారు వచ్చి, ఒక మోకాలు నేలకానించి, పిల్లవాడి కడుపు దగ్గర తల పెట్టి, తాపీగా బెల్టు విప్పి కట్టేవాడు. ఏదో గొణుక్కుంటూ కట్టేవాడు. ఇంత చేసినా ఆ బెల్టు కాసేపటికే మళ్లీ జారేది. మళ్లీ అరుపు, మళ్లీ మోకాలు. పాత పరదాలు చింపి కుట్టిన బెల్టులు కదా, గుడ్డ నున్నగా ఉండి నిలవడం లేదని పిల్లలు అనుకునేవాళ్లు. బిక్షం అనే బొద్దు పిల్లవాడి బెల్టుకైతే చీమలు కూడా పట్టేవి. వాడి చెమట తియ్యగా ఉంటుందని గోదాములో ఖాయమైపోయింది.

ఆ గోదాముకు వచ్చేవాళ్లలో దీప్లా ఒకడు. పెన్‌పహాడ్ దిక్కు తండా వాడిది. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. సూర్యాపేట గ్రంథాలయంలో బెంచీ కాలు విరిగేదాకా కూర్చుని చదివేవాడు. దీప్లాకు లోకం మీద కోపం. దానికి కారణాలు బోలెడున్నాయి. చాలనప్పుడు గ్రంథాలయానికి పోయి ఇంకొన్ని వెతుక్కునేవాడు. లింగన్న సారు మీద కూడా వాడికి కోపమే. ఒక పెద్దమనిషి తన ముందు మోకాలి మీద కూర్చుంటే ఎటు చూడాలో వాడికి తెలిసేది కాదు. అమ్మ గౌరీబాయి మొలతాడు కట్టిన తర్వాత వాడి నడుము మీద ఇంకో చెయ్యి పడింది ఇదే.

తొంభై నాలుగు ఎండాకాలంలో మిర్యాలగూడలో శని, ఆదివారాలు జూడో క్యాంపు పెట్టారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ జట్లు కలిసి సాధన చెయ్యాలి. ఆదివారం సెలక్షను. గెలిచినవాడు వరంగల్లో రాష్ట్రం పోటీలకు పోతాడు. అక్కడ ఆడినట్టు కాగితం ఉంటే కానిస్టేబుల్ భర్తీలో ఆటల కోటా కింద లెక్కలోకి వస్తాడు. దీప్లాకు పోలీసులంటే గౌరవం లేదు. జీతమంటే ఉంది. అమ్మ నడుము వంచి కల్లాలు ఊడ్చేది ఆ జీతంతోనే మానిపించాలి.

క్యాంపుకు చోటూ తిండీ ఇచ్చింది ఓ రైసు మిల్లు ఓనరు. ఆయన కొడుకు జగదీశ్ కూడా దీప్లా బరువులోనే ఆడతాడు. అంటే ఎవరి ధాన్యం గోదాములో పడి పొర్లాలో, ఎవరి అన్నం తినాలో, ఎవరి కొడుకును పడగొట్టాలో అంతా ఒక్కచోటే కుదిరింది. దీప్లా తల్లి సీజనులో ఊడ్చే కల్లం కూడా ఆ మిల్లుదే.

జగదీశ్ కోటు హైదరాబాదు నుంచి వచ్చింది. తెల్లగా, అట్టలా నిలబడేది. దీప్లా కోటును గౌరీబాయి బియ్యం గుడ్డ సంచులు రెండు పొరలుగా వేసి కుట్టింది. ఎన్నిసార్లు ఉతికినా వీపు మీద మిల్లు గుర్తు పోలేదు.

"మా బస్తా మాకే వాపసొచ్చిందిరో" అన్నాడు జగదీశ్, దీప్లా గేటు దాటగానే. వాడి జట్టు నవ్వింది. మర్యాదకు కోదాడ జట్టు కూడా నవ్వింది.

శనివారం సాధనలో లింగన్న సారు మూడు ఊళ్ల బెల్టులనూ వదల్లేదు. ప్రతి జోడీనీ ఆపాడు, ప్రతివాడి ముందూ మోకరిల్లాడు. కోదాడ కోచ్ చంద్రు మాస్టారికి తల తిరిగింది. "లింగన్న గారూ, మీ ఆట పెళ్లి ముహూర్తంలా ఉందండీ, ముడి పడందే ఏదీ కదలదు" అని దండం పెట్టి, అందరి ముందూ ఓ షరతు ప్రకటించాడు. రేపు సెలక్షనులో ఏ కోచ్ చాప మీద కాలు పెట్టినా ఆ కోచ్ వరంగల్‌కు జట్టు వెంట రాకూడదు. లింగన్న సారు బుద్ధిగా తల ఊపాడు. వరంగల్ కోసం ఆయన అప్పటికే కొత్త బూట్లు కొన్నాడు. క్యాంపంతా వాటిని లేసులతో మెడలో వేలాడేసుకుని తిరిగాడు. నేలకు పెడితే మాసిపోతాయట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకో సంగతి జరిగింది. కోచ్‌లకూ పేరున్న ఇళ్ల పిల్లలకూ లోపల హాల్లో స్టీలు పళ్లేలు పెట్టారు. తండా పిల్లలకూ, బిక్షం లాంటివాళ్లకూ బయట షామియానా కింద విస్తళ్లు వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే ఎవరి చోటు వాళ్లకు తెలిసిపోయేలా వడ్డించడం ఆ ఇంటికి బాగా అలవాటు.

లింగన్న సారు హాల్లోకి పోయి, కూర్చోబోయి, కిటికీలోంచి బయటికి చూశాడు. "షామియానా తాళ్లు వదులున్నయి. కూలితే పిల్లల మీద పడ్తది. గాడ కూసోని సూసుకుంట తింట" అని పళ్లెం అక్కడే వదిలి బయటికొచ్చి, దీప్లా పక్కన విస్తరి ముందు కూర్చున్నాడు. మధ్యమధ్య లేచి తాళ్లు బిగించాడు. ఆ షామియానా ఇప్పటికీ అక్కడే ఉందని అంటారు.

దీప్లా నోట్లో ముద్ద చేదైంది. సారు ఓనరు మొహం మీద ఒక్క మాట అనలేక తాళ్ల చాటున దాక్కున్నాడని వాడు లెక్క కట్టాడు. ఇటువంటి మంచివాళ్ల వల్లే లోకం ఇట్లా ఉందని ఎక్కడో చదివాడు కూడా.

ఆదివారం లింగన్న సారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, చాప అంచున కూర్చున్నాడు. ఒక్కో బౌటులో, అంటే ఒక్కో జోడీ పోటీలో, ఒక్కో బెల్టు జారుతుంటే ఆయన దవడలు కదిలేవి. అయినా లేవలేదు. చూసినవాళ్లు బీడీ మానిన మనిషిని చూసినట్టు జాలిపడ్డారు.

చివరికి దీప్లా, జగదీశ్ ఎదురెదురు నిలబడ్డారు. చంద్రు మాస్టారు రిఫరీ. కోటు పట్టుకున్నాక జగదీశ్ చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు. "జర సూసి పడు బస్తా. గింజలు కింద పడితే మీ అమ్మనే ఊడ్వాలె."

తర్వాత ఏం జరిగిందో దీప్లాకు సరిగా గుర్తులేదు. జగదీశ్ బోర్లా పడ్డాడు. వాడి కుడిచెయ్యి దీప్లా చంకలో ఇరుక్కుంది. మోచేయి వంగకూడని దిక్కుకు వంగుతోంది. ఆ పట్టులో పడ్డవాడు నొప్పికి తాళలేకపోతే రెండో చేత్తో చాప మీద రెండు దెబ్బలు తడతాడు. తట్టగానే వదలాలి. ఈ ఆటలో దేవుడైనా పాటించాల్సిన పద్ధతి అది ఒక్కటే. జగదీశ్ తట్టలేదు. తట్టే చెయ్యి దీప్లా మోకాలి కింద నలుగుతోంది. నోరు టార్పాలిన్‌లో కూరుకుపోయింది. చంద్రు మాస్టారు అవతలి వైపున్నాడు. ఆయనకు దీప్లా వీపూ, దాని మీద మిల్లు గుర్తూ తప్ప ఏమీ కనబడలేదు.

ఇంకొంచెం వంచితే చెయ్యి విరుగుతుంది. ఆ సంగతి దీప్లాకు తెలుసు. వంచాడు.

"ఆగు. ముడి సూడు."

రెండేళ్ల అలవాటు. దీప్లా చేతులు వాటంతటవే వదిలేశాయి. శనివారమంతా ఆ అరుపు విన్న చంద్రు మాస్టారు కూడా తెలియకుండానే చెయ్యెత్తి బౌటు ఆపాడు. అప్పటికే లింగన్న సారు చాప మధ్యలో, మెడలో బూట్లు ఊగుతుండగా, దీప్లా ముందు మోకాలి మీదున్నాడు.

బెల్టు విప్పాడు. తాపీగా చుట్టాడు. తల ఎత్తలేదు.

"మోకాలు నేను సూసిన. ఇంకెవ్వలు సూడలే. గట్లనే ఉంచితే వాని చెయ్యి ఇరుగుతది, నీకు వరంగల్ బదులు ఠాణా అయితది. మీ అమ్మ ఊడుసుడు మాన్తదా? ఊపిరి పీల్చు. నువ్వు వాన్ని నిలబడే పడేస్తవ్ బిడ్డా. నాకెరుకే."

ముడి వేసి లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ నిలబడ్డారు. ఈసారి జగదీశ్ ఏమీ అనలేదు. దీప్లా వాణ్ని తుంటి మీదికి లాగి, నిలువునా ఎత్తి, చాప మీద వెల్లకిలా పరిచాడు. పొట్టు దుమ్ము లేచింది. పూర్తి పాయింటు. బౌటు అక్కడికి ఖతం.

గొడవ అప్పుడు మొదలైంది. మిల్లు ఓనరు కుర్చీలోంచి లేచి, కోచ్ లోపలికొచ్చి ఆట చెడగొట్టాడు గనక ఆ గెలుపు చెల్లదన్నాడు. చంద్రు మాస్టారు లింగన్న సారును నిలబెట్టి అడిగాడు.

"ఎందుకొచ్చారండీ లోపలికి?"

"ముడి వదులైంది."

"ఎవరిది? నేను చూశాను కదండీ, రెండూ బాగానే ఉన్నాయి."

"నా కండ్లకు వదులనిపించింది. నాకది రోగం. కావాలంటె సూర్యాపేటల ఎవల్నన్న అడుగుండ్రి."

మూడు జట్లూ పగలబడి నవ్వాయి. దీప్లా నవ్వలేదు. ఒక్క మాట చెబితే ఆ మనిషి పరువు దక్కుతుంది, కానీ ఆ మాట తన మోకాలి గురించి. వాడు తల దించుకుని టార్పాలిన్ మడత సరిచేశాడు.

చంద్రు మాస్టారు జగదీశ్ వైపు తిరిగి, నీకేమైనా నష్టం జరిగిందా అని అడిగాడు. జగదీశ్ మోచేయి రుద్దుకుంటూ తండ్రిని చూశాడు, లింగన్న సారును చూశాడు.

"ముడి వదులే ఉండె" అన్నాడు. అని కోటు విప్పేసుకుని పంపు దగ్గరికి పోయాడు.

గెలుపు దీప్లాది. షరతు ప్రకారం లింగన్న సారుకు వరంగల్ లేదు. సరే అని ఆయన మెడలోంచి బూట్లు తీసి సంచిలో పెట్టి మూతి కట్టాడు. ఇక ఆ బూట్లు కూడా ఎవరికీ దక్కవని బిక్షం అన్నాడు.

సాయంత్రం బస్సులో సూర్యాపేట జట్టుకు వెనక సీట్లు దొరికాయి. దీప్లా ఇంకా బియ్యం సంచి కోటులోనే ఉన్నాడు. వాడి అంగీ బట్టల మూటలో ఉంది. మూట కట్టింది లింగన్న సారు. జట్టులో ఉన్న హర్యా దాన్ని పళ్లతో కూడా ప్రయత్నించి వదిలేశాడు. హర్యా దీప్లా తండావాడే.

"సారుకు గింత పిచ్చేందిరా" అన్నాడు బిక్షం, అనగానే నాలుక కరుచుకున్నాడు. "అట్లనద్దులే. నేను బరువు తగ్గాలని ఉపాసముంటే, ముడేసుకుంట నోట్లె బెల్లం ముక్క పెట్టేటోడు. ఎవలకు చెప్పకన్నడు."

చీమల సంగతి అందరికీ ఒక్కసారే అర్థమైంది.

హర్యా కాలు చాపి చూపించాడు. నిన్న తన మడమ బెణికితే, సారు ముడి వేస్తూ మడమను నొక్కి చూసి, ఓడిపోయినా ఏం కాదు, సువార్తమ్మ కట్టు కడుతుందని చెప్పాడట. హర్యాకు కూడా ఎవరికీ చెప్పొద్దనే అన్నాడు. గోదాములో ప్రతివాడూ తనకొక్కడికే దొరికిందనుకుని దాచుకున్న మాట ఒకటి ఉన్నట్టుంది.

దీప్లా ఒళ్లో ఉన్న మూట ముడిని చూశాడు. బీరువా గుర్తొచ్చింది, మేక గుర్తొచ్చింది, కొడవలి గుర్తొచ్చింది. తర్వాత తన నడుముకు ఇంకా ఉన్న బెల్టును చూశాడు. మధ్యాహ్నం ఆ మనిషే కట్టిన ముడి. కొసను ఒక్క వేలితో లాగాడు. బెల్టు మొత్తం ఊడి ఒళ్లో పడింది.

చాలా పుస్తకాలు చదివిన దీప్లాకు ఈ చిన్న లెక్క రెండేళ్లు పట్టింది.

లేచి ముందు సీటుకు పోయి, లింగన్న సారు పక్కన కూర్చుని బెల్టు చూపించాడు. "ఇది ఒక్క ఏలుకే ఊడింది సార్."

"గుడ్డ నున్నగుంటది" అన్నాడు లింగన్న సారు, కిటికీ బయటికి చూస్తూ. బయట వేములపల్లి దిక్కు పొలాలు కోతలై బోసిగా ఉన్నాయి.

"గుడ్డ కాదు. మళ్ల మళ్ల ఆపొచ్చని మీరే వదులు కట్టిండ్రు."

ఆయన తన సంచి మూతి ముడిని ఇంకోసారి బిగించాడు.

"వరంగల్‌ల నాకెవలు కడ్తరు?"

"నువ్వే కట్టుకో." కొంచెం ఆగి, "మరీ గట్టిగ కట్టకు" అన్నాడు.

అంతలో బస్సు ఆగింది. నాలుగు ఊళ్ల అవతల దిగాల్సిన రైతొకాయన తన సైకిలును టాపు మీదికెక్కించి తాడు కడుతున్నాడు. లింగన్న సారు వేళ్లు కదిలాయి. లేచాడు. వెనక నుంచి బిక్షం పరుగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టుకోబోతే దీప్లా వాణ్ని అడ్డుకున్నాడు.

"పోనియ్ రా."

ఆ సైకిలు వానాకాలం వచ్చేదాకా మిర్యాలగూడ, సూర్యాపేట మధ్య తిరుగుతూనే ఉంది. పాపం ఆ రైతు దాన్ని చూసుకోవడానికి రోజూ బస్టాపు దాకా నడిచి వచ్చేవాడట.