గింజ తీసిన సీతాఫలం

బియ్యం డబ్బాలో దాచిన సీతాఫలాలు పండినట్టున్నాయి. పొద్దున తలుపు తీయగానే ఇల్లంతా ఆ తీపి వాసన. మూత తీసి ఒత్తి చూస్తే వేలికి మెత్తగా తగిలింది. ఆ మెత్తదనం తగిలితే చాలు, నాకు నరహరి సారు యాదికొస్తారు. ఆయన పోయాక ఇది రెండో సీతాఫలాల కాలం.

తెలంగాణ వచ్చిన మరుసటేడు మేము కట్టంగూరు నుంచి పాలమూరుకు వచ్చాం. మా ఆయన ఆటో నడిపేవాడు. సారు తన ఇంటి వెనక గది మాకు కిరాయికి ఇచ్చారు. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, కథలు రాసేవారు. ఆయన భార్య అనసూయమ్మకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా ఒకటో రెండో, అదీ కష్టం మీద. ఆమెకు నీళ్ళు పోయడం, జడ వేయడం, తినిపించడం అన్నీ సారే. నేను చేస్తానని పోతే, "నువ్వు కథ చెప్పు బిడ్డా. గసొంటి ముచ్చట్లు నాకు రావు, గీ పని వస్తది" అనేవారు.

నేను చదివింది అయిదో తరగతి. మాది గొర్లు కాసుకునే ఇల్లు. మా అవ్వ చెప్పిన ముచ్చట్లన్నీ నాకు నోటికే ఉన్నాయి. మధ్యాహ్నంపూట అరుగు మీద కూర్చుని సారు సీతాఫలం విప్పి, ఒక్కో తొనలోంచి గింజ తీసి అనసూయమ్మ నోటికి అందించేవారు. నేను చెబుతుంటే వినేవారు. రెండు చేతులకూ గుజ్జే.

"కలం పట్టకుంట గిట్ల ఇంటె యాదికుంటదా సార్?" అని ఒకసారి అడిగాను.

"రాసుకుంట ఇంటె నా మనసు రాత మీదుంటది, నీ మీదుండదు. రేపటికి ఎంత మిగిల్తె గంతే కథ."

రాసింది ముందుగా అనసూయమ్మకే చదివేవారు. నచ్చితే ఆమె తర్వాతి తొనకు నోరు తెరిచేది. నచ్చకపోతే పెదాలు బిగించేది. "చూసినవా, ఆకలికైన ఓర్చుకుంటది గని చెడ్డ కథకు ఓర్వది" అని సారు నవ్వేవారు. ఒక కథలో గొర్లకాపరి సాయంత్రం మందను లెక్కపెట్టుకున్నాడని రాస్తే, నాకు నవ్వాగలేదు. "మా ఇండ్లల్ల ఎవ్వరు లెక్కవెట్టరు సార్. మొఖాలు చూస్తె తెలుస్తది, ఏది రాలేదో." ఆ కథ మొత్తం మళ్ళీ రాశారు.

ఒకనాడు ఎవరికీ చెప్పని సంగతి ఆయనకు చెప్పాను. నాకు ఏడేళ్ళప్పుడు వానల్లేక మేత ఎండిపోయింది. మా అమ్మకు నెలలు నిండాయి. బాపు మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయాడు. తిరిగొచ్చేసరికి పుట్టిన తమ్ముడు లేడు. ఏడాదిపాటు అమ్మ ఆయనతో మాట్లాడలేదు. వింటున్న సారు చేతిలో గింజ అట్లనే ఉండిపోయింది.

నాలుగు రోజుల్లో కథ రాశారు. ఆయన పుస్తకం అచ్చుకు పోవాలి, ప్రెస్సువాళ్ళు ఆ చివరి కథ కోసమే ఆగారు. అరుగు మీద మా ఇద్దరికీ చదివారు. అందులో తండ్రి రాతి గుండెవాడు. వెనక్కి తిరిగి చూడకుండా పోతాడు.

"ఎట్లుంది యాదమ్మా?"

"అబద్ధం ఒక్కటి లేదు సార్. గని గాయన మా బాపు కాదు."

"మరెవలు?"

సారు తొన అందిస్తే అనసూయమ్మ మొఖం పక్కకు తిప్పుకుంది. బాగున్న ఎడమ చేయి లేపి, వేలు ఆయన ఛాతీకి ఆనించి, "నువ్వు" అంది.

సారు చేతిలోని తొన కింద పెట్టారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. హుజూర్‌నగర్‌లో కొత్తగా కొలువు చేసే రోజుల్లో, ఆమెకు నొప్పులు మొదలైన పూట, ఆయన తన కథ చదవడానికి సభకు పోయారట. వచ్చేసరికి మొదటి బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఏ సభకూ పోలేదట.

"గా కోపం నా మీదిది. తీస్కపోయి మీ బాపు మీద పోసిన. తిరిగొచ్చినంక ఆయనేం చేసిండు బిడ్డా?"

"గొంగడి గడప అవతలనే ఇడిసి లోపలికొచ్చిండు సార్. చలికాలమంత కప్పుకోలే. ఆఖరుకు మా అమ్మనే దాన్ని దులిపి, ఎండకేసి, ఆయన మీదికి ఇసిరింది. మాట మాత్రం ఎప్పటికో."

"గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే గద."

ఆయన ఆ కథను పుస్తకంలోంచి తీసేశారు. నాకు భయమేసింది, పుస్తకం ఆగిపోతదేమోనని. "ఒక కథ తక్కువైతె పుస్తకం జర సన్నగైతది, అంతే" అన్నారు. ఆ కాగితాలు నా చేతికిచ్చారు. చివరి పేజీ సగం ఖాళీ. "మిగిలింది నువ్వే రాయి. మీ బాపును నేను చూడలే."

నా వంకర రాతకు సిగ్గుపడి ఇన్నేళ్ళూ ముట్టలేదు. సారు ఉండగా రాయలేదన్న బాధ నాకు పోదు.

ఇప్పుడు ఆ ఇంట్లో, తర్వాత పుట్టిన వాళ్ళ బిడ్డ వచ్చి ఉంటోంది. ఆమె పాఠాలు చెప్పడానికి బడికి పోయాక అనసూయమ్మ దగ్గర నేనే కూర్చుంటాను. వారం రోజులు దిద్దుకుంటూ ఆ సగం పేజీ నింపాను. ఈ మధ్యాహ్నం పండు విప్పి, గింజ తీసి, కాగితాలు ఒళ్ళో పెట్టుకొని చదివాను. అమ్మ గొంగడి విసిరిన కాడికి కథ అయిపోయింది. తొన వేళ్ళలోనే ఉంది. అనసూయమ్మ గేటు వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగి, నోరు తెరిచింది.