మా గల్లీల ఎవ్వరికి ఏ రోగం లేదు

"దిల్‌సుఖ్‌నగరా? అమ్మో, అంత దూరమా!" అని ఎవరన్న అంటే నాకు ఒళ్లు మండుతది. ఎవరికి దూరం? మాకైతే తలుపు తీస్తే చాలు, దిల్‌సుఖ్‌నగరే. మీ గచ్చిబౌలే మాకు దూరం. మెట్రో ఎక్కి, దిగి, మళ్ల ఆటో పట్టుకొని గాడికి పోయేసరికి ఇంటికాడ నానబెట్టిన పెసర్లకు మొలకలొస్తయి.

ఇంకో మాట కూడా అంటరు. "గాడ ఏమున్నది? హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, చీరల దుకాణాలు, బస్సుల పొగ. మనుషులు ఎట్లుంటరో ఏమో!" మెయిన్ రోడ్డు చూసి పోయినోళ్లు గట్లనే అంటరు. అయ్యా, మెయిన్ రోడ్డు వచ్చిపోయేటోళ్లది. మాది గల్లీ. దిల్‌సుఖ్‌నగర్‌కు ఎల్బీనగర్‌కు నడుమ, చంపాపేట్ దిక్కు మర్లితే వస్తది. ఇరవై రెండు ఇండ్లు. సగం మంది మా లెక్క నల్లగొండ దిక్కు నుంచి బతకనీకి వచ్చినోళ్లు, తక్కినోళ్లు గుంటూరు, విజయవాడ దిక్కోళ్లు. ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉంటున్నం. ఇప్పటికి కూడా కోఠి పోవాల్నంటే "జర సిటీకి పోయొస్త" అనే అంటం. మరి మీరు సిటీల లేరా అంటే, ఉన్నం. కాని గల్లీల అడుగు పెడితే ఊర్ల ఉన్నట్టే ఉంటది. ఎవరింట్ల ఏం కూర పొయ్యి మీద ఉన్నదో వాసన చూసి చెప్త. నేను ఇంట్ల లేనప్పుడు కొరియర్ వస్తే సంతకం ఎవరు పెడ్తరో నాకే ఎరుక ఉండదు, సామాను మాత్రం ఇల్లు చేరుతది.

గీ గల్లీకి ఒక రివాజు ఉన్నది. ఎవరింట్లనన్న రూము కిరాయికి చూడనీకి కొత్తోళ్లు వస్తే, ఇంటోళ్లు ఒక్కరే మాట్లాడరు. ఉన్నోళ్లందరు ఒక్కొక్కరే వచ్చి, గల్లీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి పోవాలె. నీళ్లు మస్తుగొస్తయి, కరెంటు పోదు, దొంగల భయం లేదు. అవి నిజమా కాదా అన్నది తర్వాత ముచ్చట. పక్కింటోళ్ల రూము ఖాళీగ ఉంటే మన రూము ఖాళీగ ఉన్నట్టే లెక్క. మంచి రివాజే. గదే మా కొంప ముంచబోయింది.

మా మూల మీద ఒక ముసలి డాక్టర్ సాబ్ ఉండెటోడు. ఆయన తిట్లకే సగం జరం తగ్గేది. చేతగాక దుకాణం బంద్ పెట్టిండు. అప్పటి సంది మాకు దవాఖాన అంటే మెయిన్ రోడ్డు మీదున్న పెద్ద అద్దాల బిల్డింగే. గాడ టోకెన్ తీసుకోవాలె, కూసోవాలె, తుమ్మితే పది టెస్టులు చేయించుకోవాలె. మెల్లమెల్లగ మా గల్లీ దవాఖాన మొఖం చూసుడే మానేసింది.

నా పరేషానేందంటే మా ఇంటాయన. బస్సు డ్రైవర్‌గ చేసి రిటైరైండు. షుగరు ఉన్నది. గోళీలు యాదికొస్తే ఏసుకుంటడు, లేకుంటే లేదు. రెండు నెల్ల కింద కొత్త చెప్పు కరిచి కుడికాలు బొటనవేలి మీద పుండయింది. పసుపు పెట్టి గుడ్డపేలిక కట్టుకున్నడు. "దవాఖానకు నడువయ్యా" అంటే "నొస్తలేదే, ఊకో" అంటడు. రోజు గదే లొల్లి. గల్లీ దాటి డాక్టరు కాడికి పోడు, గుంజుకపోయే బలం నాకు లేదు. మేడ మీదికి ఎక్కాల్నంటేనే నేను నడుమ రెండుసార్లు ఆగాలె, అది వేరే ముచ్చట. అందుకే నాకు డాక్టరు గల్లీలనే కావాలె. ఈ మనిషి కాలు డాక్టరు చూడాల్నంటే డాక్టరే మా ఇంటి ముంగటికి రావాలె. మా ఇంటి ముందర రోడ్డుకున్న షట్టర్ రూము ఖాళీగనే ఉండె.

మా మేడ మీద కిరాయికున్నామెది గుంటూరు, చుట్టం కాకున్నా వదినా అనే పిలుస్త. కోచింగ్ సెంటర్ల చాన్నాళ్లు జువాలజీ చెప్పింది. ఒకరోజు మెట్లు దిగుకుంటనే అన్నది.

"వదినగారూ, నా స్టూడెంట్ ఒకమ్మాయి డాక్టరయ్యిందండీ. గచ్చిబౌలిలో ఉంటోంది. సొంతంగా క్లినిక్ పెట్టుకోవాలని చూస్తోందట. మీ రూము చూడమని చెప్పమంటారా?"

"అడుగుతవేంది వదినా! ఇయ్యాలనే రమ్మను."

"కాకపోతే ఆ పిల్లకి దిల్‌సుఖ్‌నగర్ అంటే అస్సలు పడదండీ. రెండేళ్లు ఇక్కడ హాస్టల్లో ఉంది కదా. నీళ్ల సాంబారూ, నల్లులూ, దోమలూ... ఇంకేం గుర్తు లేదట."

"దోమలా? మా గల్లీలనా?" అని గయ్యిమన్న. అనుకుంటనే మోచేతి మీద వాలినదాన్ని ఒక్క దెబ్బ ఏసి చంపిన.

అంతే, నాకు రోషం పొడుసుకొచ్చింది. ఇంటింటికి పోయి చెప్పిన. "ఆదివారం డాక్టరమ్మ వస్తున్నది. మన గల్లీ అంటే ఆమెకు చిన్నచూపు. ఇజ్జత్ సవాల్. అందరు రావాలె." అందరు సై అన్నరు.

ఆదివారం పొద్దుగాల ఇల్లంతా కడిగిన. ఇగ మిగిలింది మా ఇంటాయన కాలు. ఆ పేలిక చూసిందంటే, గీళ్లేం మనుషులు, గిట్ల ఉంటరా అనుకోదా? ముందుగాల రూము ఖాయం చేసుకోనీ, మర్నాడు మొదటి పేషెంటు ఈయననే అనుకున్న. బీరువాల నుంచి నల్ల సాక్సులు తీసి నా చేతులతోని తొడిగిన. జర వాసనొస్తున్నదని రెండు ఊదుబత్తులు ఎక్కువనే ముట్టిచ్చిన.

డాక్టరమ్మ వచ్చింది. సన్నగ, కండ్లద్దాలు పెట్టుకొని, చిన్న పిల్ల లెక్కనే ఉన్నది. రూము చూసింది, నల్లా తిప్పి చూసింది, ఇంట్లకొచ్చి కూసున్నది. అప్పటికే గల్లీ సగం మా ఇంట్ల ఉన్నది.

"ఇక్కడ దోమలెక్కువ కదా ఆంటీ? డెంగీలూ అవీ..."

నేను నోరు తెరిచేలోపల్నే ఎదురింటాయన అందుకున్నడు. గల్లీ అంతా ఆయనను కాక అనే పిలుస్తం. ఎల్బీనగర్ దాంక షేర్ ఆటో నడుపుతడు. "దోమనా? నేను దోమను చూడక ఏండ్లయితున్నదమ్మా!" పోయిన వానల ఆయన ఇద్దరు మనుమలు డెంగీతోని పది రోజులు పండుకున్నరు.

"బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువమందే ఉంటారేమో?"

"ఛ ఛ," అన్నది కిరాణం దుకాణపామె. "అవి ఏసీల కూసునేటోళ్లకు వస్తయమ్మా. మావి జొన్నరొట్టెలు తిన్న ఒళ్లు." ఆమె బీపీ గోళీల పట్టీ కొంగు ముడిలనే ఉన్నది.

మా వదినైనా ఆగుతదనుకున్న. చదువు చెప్పిన మనిషి! "రోజుకి పదిసార్లు మేడెక్కి దిగుతానమ్మా, మోకాళ్ల నొప్పి అంటే ఏమిటో తెలీదు నాకు" అని చీర కింద మోకాలి పట్టీ సర్దుకున్నది.

అందరు అన్నంక నేను ఊకుంటనా? "ఒక్కటే మాట బిడ్డా. మా గల్లీల ఎవ్వరికి ఏ రోగం లేదు."

డాక్టరమ్మ అందరి దిక్కు చూసింది. నవ్వింది. ఫోను తీసి బ్యాగుల పెట్టుకున్నది.

"చాలా సంతోషం ఆంటీ. మరి నేనిక్కడ క్లినిక్ పెట్టుకుని ఏం చెయ్యను?"

  చెప్తే నమ్మరు, అప్పటిదాంక మా అందర్ల ఒక్కలకన్న గా ముచ్చట తట్టలే. కాక నా దిక్కు చూసిండు, నేను వదిన దిక్కు చూసిన, వదిన గోడ దిక్కు చూసింది. నా నోరు పాడుగాను అనుకున్న. చేతికొచ్చిన డాక్టర్ని మేమే ఎల్లగొడ్తున్నం.

ఆమె లేసి నిలబడ్డది. "చాయ్ తాగి పో బిడ్డా" అని బతిమిలాడిన. మా ఇంటాయన తన హుషారు చూపిద్దామనుకున్నడో ఏమో, నన్ను కూసోమని తనే వంటింట్లకు పోయి ట్రే పట్టుకొచ్చిండు. గడప కాడ ట్రే వంగింది. సలసల కాగిన చాయ్ కప్పు బోర్లపడి ఆయన కుడికాలి మీద పడ్డది.

"అయ్యో!" అని నేను మొత్తుకున్న. ఆయన మాత్రం కదల్లే. "ఏం కాలే, ఏం కాలే" అని నవ్వుకుంటనే మిగిలిన కప్పులు సర్దుతున్నడు.

"చూసినవా అమ్మా," అన్నడు కాక. "ముప్పై ఐదేండ్లు బస్సు నడిపిన మనిషి. గట్టి పానం!"

డాక్టరమ్మ నవ్వలే. "అంకుల్, కాలలేదా?"

"లేదమ్మా."

"మరి చాయ్ పడ్డట్టు ఎలా తెలిసింది?"

మా ఇంటాయన కాలు దిక్కు చూసుకున్నడు. "చూస్తే తెలిసింది" అన్నడు.

ఆమె బ్యాగు పక్కన పెట్టి కింద కూసున్నది. ఆయన కాలును చేతులల్లకు తీసుకున్నది. "వద్దు బిడ్డా, నా కాలు పట్టుకోవద్దు" అని ఆయన గుంజుకోబోయిండు. ఆమె ఇడవలే. సాక్సు మెల్లగ తీసింది. పేలిక తీసింది. పసుపు నల్లగయి అంటుకపోయి ఉన్నది. వేలు కూడ నల్లగున్నది. ఊదుబత్తుల వాసన ఏడ పోయిందో పోయింది.

"ఎన్నాళ్లయింది అంకుల్?"

"మొన్ననేనమ్మా. రెండు రోజులైతది."

"అవునమ్మా, మొన్ననే" అన్నడు కాక. పాపం, రివాజు కదా, నోటికి అట్లనే వచ్చేసింది.

"అబద్ధం," అన్న నేను.  "రెండు నెల్లయింది బిడ్డా. నొస్తలేదంటున్నడు. గా సాక్సు పొద్దున నేనే తొడిగిన. నువ్వు చూడొద్దని తొడిగిన." అంత మంది ముందర కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చిన. సిగ్గుతోని సచ్చిపోయినంత పనైంది.

"నొప్పి తెలియకపోవడమే ఆయన జబ్బు ఆంటీ," అన్నది మెల్లగ. "ఇప్పుడే హాస్పిటల్‌కి బయల్దేరాలి."

"రేపు పోదాం తీయ్" అన్నడు మా ఇంటాయన.

"నడువ్!" అని ఒక్క కేక పెట్టిన. గల్లీ చివరిదాంక ఇనవడ్డది. ముప్పై ఏండ్ల సంసారంల ఆ మనిషి నా మాట ఒక్కదెబ్బకు ఇన్నది గదే. కాక ఆటో తీసిండు. డాక్టరమ్మ కూడ మాతోని ఎక్కింది. దారిల చేతులెత్తినోళ్లను ఎవ్వరిని కాక ఎక్కించుకోలే.

బొటనవేలు తీసేసిన్రు. కాలు దక్కింది. ఇంకో పదిహేను రోజులు ఆగి ఉంటే మోకాలి దాంక పోయేదని దవాఖాన డాక్టర్లు చెప్పిన్రు. గా మాట ఇన్న రోజే ఇంట్ల ఉన్న సాక్సులన్ని మూటగట్టి బయట పారేసిన.

ఆయన ఇంటికొచ్చిన వారానికి డాక్టరమ్మ కట్టు మార్చనీకి వచ్చింది. గల్లీ అంతా మళ్ల జమైంది, ఈసారి నోర్లు మూసుకొని. ముందుగాల కాక ముందుకొచ్చిండు. "అమ్మా, మా మనుమలకు డెంగీ వచ్చిన మాట నిజమే" అన్నడు తలకాయ వంచుకొని. కిరాణమామె కొంగు ముడి ఇప్పింది. మా వదిన పైకి పోయి పాత ఎక్స్‌రే కవరు పట్టుకొచ్చింది. ఎవరి మంచం కింద నుంచి వాళ్ల ఫైళ్లు బయటికొచ్చినయ్. డాక్టరమ్మ నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది. మర్నెలల షట్టర్ మీద బోర్డు లేసింది. గచ్చిబౌలిల ఉండే దోస్తులు "రోజూ అంత దూరమా?" అంటున్నరట. నేనైతే ఆమెకు జవాబు నేర్పిన.

క్లినిక్ తెరిచిన మొదటి సాయంత్రం నేను చీపురు పట్టుకొని గడప ఊడుస్తున్న. మా ఇంటాయన బయట బెంచీ మీద కూసొని, వచ్చినోళ్లకు వరుస చెప్తున్నడు. లోపల్నుంచి డాక్టరమ్మ అడిగింది. "మీకెలా ఉంది ఆంటీ?"

"నాకేమైంది బిడ్డా, మస్తుగున్న" అన్న.

మా ఇంటాయన నా దిక్కు చూసిండు.  కుడికాలు జర ముందుకు జరిపిండు, గంతే. నాలుగు వేళ్ల కాలు.

చీపురు పక్కన పెట్టిన. లోపలికి పోయి కుర్చీల కూసున్న.

"మెట్లెక్కితే ఛాతిల పట్టేసినట్టయితది బిడ్డా," అన్న. "ఏడాది సంది. ఎవ్వరికి చెప్పలే."