గంగాళంలో సముద్రం

మొన్న ఆదివారం మా అమ్మాయీ అల్లుడూ బళ్ళారి నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి, నా ముందరే విప్పి, అందులోంచి కళ్ళూ ముక్కూ కప్పేసే పెద్ద అద్దం ఒకటి, దాని పక్కన తగిలించే వంకర గొట్టం ఒకటి బయటికి తీశారు. ఆ అద్దం మొహానికి బిగించుకొని, గొట్టం కొస పళ్ళతో కరిచిపట్టి, తల నీళ్ళలో పెట్టి, ఊపిరి మాత్రం పైనుంచి పీల్చుకుంటూ సముద్రంలోని చేపల్ని చూస్తారట. స్నార్కెలింగు అంటారట దాన్ని. మా అమ్మాయి అది తగిలించుకొని నా వైపు తిరిగి, నన్ను నవ్విద్దామనే కాబోలు, గొట్టంలోంచి బుర్రుబుర్రుమని గట్టిగా ఊపిరి తీసింది. ఆ చప్పుడు చెవిన పడగానే గభాలున లేచాను. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

వాళ్ళు కరేబియన్ సముద్రంలో ఒక చిన్న దీవికి పోవాలని నిశ్చయించుకున్నారు. ఈ కాలం పిల్లల ప్రయాణపు ఏర్పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది. నేను చారు వడ్డించి మజ్జిగ తెచ్చేలోగా అల్లుడు ఫోనులో రిసార్టు చూశాడు, నీళ్ళలో కొయ్య గుంజలు పాతి కట్టిన గది చూశాడు, ఏ నెలలో తుఫాన్లు ఉండవో, ఏ పక్కన నీళ్ళు లోతు లేకుండా చేపలు బాగా కనబడతాయో అన్నీ చూసేశాడు. టికెట్లు రెండా మూడా అన్నదొక్కటే తేలలేదు. ఆ మూడోది నాకట! ఈ వయసులో నాకు ఈతేందే, నలుగురూ నవ్విపోతారని కొట్టిపారేశాను. అమ్మాయి బలవంతం చేయలేదు. "అమ్మా, ఇది ఆ క్యాలెండర్లో దీవేనమ్మా" అని మాత్రం అంది. నేను కంచం ముందర నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.

నా వయసు వాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, కొత్త సంవత్సరం వచ్చిందంటే క్యాలెండర్ల కోసం ఎంత ఆరాటపడేవాళ్ళమో. కిరాణా కొట్టువాడు లక్ష్మీదేవినిచ్చేవాడు, బట్టల కొట్టువాడు వెంకటేశ్వరస్వామినిచ్చేవాడు. మా ఆయనకు రెండు లారీలుండేవి, ఒకటి తానే తోలేవాడు. అందుకని టైర్ల కొట్టువాడు కూడా ఒక క్యాలెండరు ఇచ్చేవాడు. ఒక సంవత్సరం అందులో దేవుడూ లేడు, దేవతా లేదు. పిడికెడు దీవి, తెల్లటి ఇసుక, దాని చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళ మీద ఒక పడవ. అడుగునున్న ఇసుక మీద పడవ నీడ కూడా స్పష్టంగా కనబడుతుండేది. దేవుడి బొమ్మ లేని క్యాలెండరు ఇంట్లో ఎందుకని నేను సణుగుతుంటే, ఆయన దాన్ని తెచ్చి సరిగ్గా నా పొయ్యికి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు.

"సూడే, పడవ గాల్లో నిలబడినట్టుండాది. అడుగు కనపడే నీళ్ళు ఒక్కతూరి సూడల్ల మనం" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే బళ్ళారి జిల్లాలోని మా తారానగర్ అప్పట్లో ఎట్లా ఉండేదో తెలియాలి. కొండల్లోంచి ఇనుపరాయి తవ్వుతున్నారు, బండ్రి ఊరి దిక్కు నుంచీ ఇటు నుంచీ లారీలు తెరిపి లేకుండా తిరుగుతున్నాయి. ఆ లారీలే మాకు అన్నం పెట్టాయి, కాదనను. కానీ ఆ ఎర్రదుమ్ము! తులసికోటలో తులసి ఎరుపు, ఆరేసిన తెల్ల పంచె ఎరుపు, కట్టేసిన బర్రె ఎరుపు. బిందెకు రెండు మడతల గుడ్డ కట్టి నీళ్ళు వడపోసినా తెల్లారేసరికి అడుగున ఎర్రటి వండుమట్టి దిగేది. ఇక వానాకాలంలో వంకలు పారితే కుంకుమ నీళ్ళే. చిన్నప్పుడు ఎంత లోతు బావిలోనైనా పల్టీ కొట్టి దూకి, అడుగున పడ్డ చెంబు చేత్తో పట్టుకొని పైకొచ్చిన మనిషి ఆయన. నీళ్ళంటే అంత ప్రాణం. అట్లాంటి మనిషి, లారీ దిగి కాళ్ళు కడుక్కున్నప్పుడల్లా ఆ ఎర్రటి నీళ్ళ వైపు కాసేపు చూస్తూ నిలబడిపోయేవాడు.

క్యాలెండరు కింద ఇంగ్లీషులో ఉన్న ఊరి పేరును హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి చదివి, అట్లాసు తెచ్చి, సూదిమొనంత చుక్క మీద వేలు పెట్టి చూపించింది. అది వెస్టిండీసు పక్కన ఉందని తెలిసేసరికి మా ఆయన ఎగిరి గంతేశాడు. రేడియో చెవికి ఆనించుకొని క్రికెట్టు వింటూ పెరిగినవాడు కదా, ఆ బౌలర్లంతా ఆయనకు మేనమామ కొడుకులైనట్టు మాట్లాడేవాడు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో దీవి తప్ప వేరే మాట లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బళ్ళారి దాటి ఎరుగని నేను ఆ దీవికి కటక రొట్టెలు ఎన్ని కట్టుకోవాలి, చెనిక్కాయల పొడి ఎంత దంచాలి అని లెక్కలేసుకున్నాను. జొన్న రొట్టెను కరకరలాడేట్టు ఎండబెట్టి తీసుకుపోతే నెలైనా చెడదు కదా అని నా ధీమా.

బళ్ళారిలో ట్రావెల్స్ ఆఫీసుకు పోతే అక్కడి పెద్దమనిషి కాశీ ఉంది, రామేశ్వరం ఉంది, మరీ కావాలంటే సింగపూర్ ఉంది, మీరనే ఊరు మాత్రం నేను వినలేదన్నాడు. కనుక్కొని పెడతాను, ముందు పాస్‌పోర్టులు తెచ్చుకోండి అన్నాడు. సరేనని దరఖాస్తు పెట్టాం. విచారణకు వచ్చిన పోలీసాయన మా గడపలో కూర్చొని కాఫీ తాగుతూ, అంత దూరం ఎందుకు పోతున్నారని కన్నడంలో అడిగాడు. "నీరు నోడోక్కె, స్వామీ" అన్నాడు మా ఆయన, నీళ్ళు చూసేదానికే అని. పోలీసాయన కాఫీ గ్లాసు దింపేసి, నీళ్ళు చూసేదానికైతే ఇక్కడ తుంగభద్ర డ్యామ్ లేదా అని పడీపడీ నవ్వాడు. మేమూ నవ్వాం. అప్పట్లో ఏ మాటకైనా నవ్వొచ్చేది మాకు.

ఇక అసలు సంగతి. నాకు ఈత రాదు. నీళ్ళంటే చచ్చేంత భయం. ఆయన నాకు ఇంట్లోనే నేర్పిస్తానని, మా పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పెట్టిన ఇత్తడి గంగాళం పెరట్లోకి దొర్లించి నిండా నీళ్ళు పోశాడు. గొట్టం ఏ కొట్లోనూ దొరకలేదు. చిన్నప్పుడు బావుల్లో పిల్లలు చేసినట్టే బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చి, నోట్లో పెట్టుకొని తల ముంచమన్నాడు. ముంచాను. ఊపిరి ఆడింది గానీ, ఆ కాడ పాలు తగిలి సాయంత్రానికి నా పెదవులు వంకాయల్లా ఉబ్బిపోయాయి. వీధిలో ఆడవాళ్ళు ఆయన నన్ను కొట్టాడనుకొని నాలుగు చీవాట్లు కూడా పెట్టారు. పాపం, ఏం చెప్పుకుంటాడు! మర్నాడు మేస్త్రీలు మట్టం చూసుకునే పైపు ముక్క తెచ్చాడు.

గొట్టం సంగతి తర్వాత, ముందు ఊపిరి బిగబట్టడం రావాలని పందెం మొదలుపెట్టాడు. గంగాళానికి ఆ పక్క ఆయన, ఈ పక్క నేను; ఇద్దరం ఒకేసారి మొహాలు ముంచాలి, ముందు తల ఎత్తినవాళ్ళు ఓడినట్టు. మా అమ్మాయి న్యాయమూర్తి. మొదటిరోజు నేను భయంతో కళ్ళు గట్టిగా మూసుకొని, ఇక చాలనుకొని తల ఎత్తేసరికి ఆయన అప్పటికే ఎత్తేసి, దగ్గుతూ, నవ్వుతూ, నాకోసం తువ్వాలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. కావాలనే నన్ను గెలిపించాడనుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు నేను ఊరుకుంటానా! బావుల్లో చెంబులు ఏరిన మొనగాడివి గంగాళంలో ఓడిపోతాండావేందయ్యా, ఆశ లావు పీక సన్నమా అని ఆటపట్టించాను. తిన్నది అరగలేదన్నాడు, నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాడు, మీసం అడ్డమొచ్చిందన్నాడు. నేను రోజూ గెలుస్తూనే ఉన్నాను. తువ్వాలు అందిస్తూ ఆయన దగ్గే దగ్గు మాత్రం రోజురోజుకీ పొడుగవుతూ వచ్చింది.

ఒకరోజు ఆయన్ను గెలిపిద్దామనిపించింది. పాపం మగమనిషి, కూతురి ముందర ఎన్నాళ్ళని ఓడిపోతాడు? మొహం అట్లా ముంచి, చెవుల్లోకి నీళ్ళైనా పోకముందే తల ఎత్తేశాను. ఆయన అప్పటికే ఎత్తేసి ఉన్నాడు. గంగాళం అంచు రెండు చేతులతో పట్టుకొని, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. ఓడిపోదామన్నా నాకు చేతకాలేదు. మా అమ్మాయి ఆ రోజు తీర్పు చెప్పలేదు. నేను గంగాళం బోర్లించేశాను.

డాక్టరు ఛాతీ ఫోటో తీసి, ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, వెనక్కి తీయగలిగే మందు లేదనీ, ఉన్న ఊపిరిని కాపాడుకోవడమేననీ చెప్పాడు. మా ఆయన లారీ తోలడం మానేశాడు. పాస్‌పోర్టులు మాత్రం ఆ నెలలోనే వచ్చాయి. వాటిని చేతిలో తిప్పి తిప్పి చూసుకొని, "ఊపిరి కుదురుకున్నాక పోదాంలే, ఆ దీవి యాడికీ పోదు" అన్నాడు. అట్లాగేలే అన్నాను. సంవత్సరం మారినా ఆ క్యాలెండరు తీయనివ్వలేదు. కొత్తవి దాని పక్కనే తగిలించుకుంటూ వచ్చాం. మంచం పట్టాక కూడా రొట్టెలెన్ని కట్టుకుందామని ఆయనే అడిగేవాడు, నేనూ అబద్ధపు లెక్క చెబుతూనే ఉండేదాన్ని.

చివరిసారి ఆసుపత్రిలో ఆయన మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, దానికి ఒక గొట్టం. బుర్రుబుర్రుమని చప్పుడు. మాట్లాడలేడు కదా, నా వైపు చూసి, ముందు ఆ మాస్కును వేలితో చూపించి, తర్వాత దుప్పటి మీద అరచేతిని చేపలాగా మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. కళ్ళు నవ్వుతున్నాయి. నేనూ నవ్వాలని చూశాను, నా వల్ల కాలేదు. దీవికి పోవడం ఆయనకు అంతవరకే కుదిరింది.

మొన్న సాయంత్రం మా వాళ్ళు తిరిగి పోతూ ఆ అద్దమూ గొట్టమూ బల్ల మీదే వదిలేసి పోయారు. మరిచిపోయారో, మా అమ్మాయి కావాలనే పెట్టిపోయిందో. మర్నాడు పొద్దున పనిపిల్ల చేత అటక మీది గంగాళం దింపించి, చింతపండుతో తోమించి, పెరట్లో పెట్టి నీళ్ళు నింపాను. ఇప్పుడు లారీలు మునుపటంత లేవు. తులసి పచ్చగా ఉంది. కొళాయి నీళ్ళు తేటగా వస్తున్నాయి. వంగి చూస్తే గంగాళం అడుగున మా అమ్మ కొట్టించిన చుక్కల ముగ్గు ఒక్కో చుక్కా కనబడింది. అడుగు కనపడే నీళ్ళు మా పెరట్లోకే వచ్చాయి, చూడాలన్న మనిషికి తీరుబడి లేకపోయింది. అద్దం బిగించుకొని మొహం ముంచాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆ చుక్కల్ని చూస్తూ, పట్టగలిగినంత సేపు ఊపిరి బిగబట్టి, అలవాటు కొద్దీ తువ్వాలు కోసం చెయ్యి ముందుకు చాపుతూ తల ఎత్తాను. ఎదురుగా ఎవరూ లేరు.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని అమ్మాయికి ఫోను చేశాను. మూడో టికెట్టు కూడా తీయమన్నాను. రొట్టెల పని నేను చూసుకుంటాను, ఆ దీవిలో నేను నీళ్ళలోంచి తల ఎత్తేసరికి మాత్రం నువ్వు తువ్వాలు పట్టుకొని ఒడ్డున నిలబడి ఉండాలి అన్నాను. ఆనాటి న్యాయమూర్తి కదా, దానికీ అంతా జ్ఞాపకమే. ఫోనులో చాలాసేపు దాని ఊపిరి ఒక్కటే వినబడింది.