చౌడు సాక్ష్యం

రాహేలమ్మకు కాలు ఒకచోట నిలవదు. తెల్లవారకముందే బావికాడికి పోతుంది, ఏదో మరిచినట్టు ఇంటికొస్తుంది, మళ్ళీ బావికే పోతుంది. "నీ కాళ్ళకు చక్రాలుండాయేమే!" అని మొగుడు యేసుప్రసాద్ ఎగతాళి చేస్తాడు. అట్లాంటి మనిషిని కర్నూలు కోర్టు వరండాలో పొద్దున పదింటి నుంచి బల్లమీద కూర్చోబెడితే ఊరుకుంటుందా? పదిసార్లు లేచింది, పదిసార్లు కూర్చుంది. బంట్రోతు రెండుసార్లు కసిరాడు కూడా.

కల్లూరు దాటి నాలుగు మైళ్ళు పోతే ఆమె ఊరు. ఎకరన్నర చేను, ఒక బావి. నేలలోని చౌడు నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి దాన్ని అందరూ చౌడుబావి అంటారు. ఆ నీళ్ళు గొంతు దిగవు, వంగతోటకు మాత్రం సరిపోతాయి. ఆదివారం గుడికి కట్టే తెల్లచీర మీద కూర మరక పడితే, ఆ నీళ్ళలో ముంచగానే పసుపు కాస్తా ఎర్రగా తిరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ బావిని తిట్టని రోజు లేదు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆమె గుళ్ళో లేచి నిలబడింది. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడాన్ని వాళ్ళు సాక్ష్యం అంటారు. "మా బావిలో చౌడు పోయినాది. పసుపు మరక ఎర్రగ తిరగడంల్యా. ప్రభువు నా మొర ఇన్యాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ హల్లెలూయ అన్నారు.

నెల తిరగలేదు, వంగచెట్ల ఆకులు అంచులు మాడి రాలాయి. బావి బొక్కెన అడుగుకు చిల్లులు పడ్డాయి. చేనికి ఎగువన పాడుబడ్డ కంకర క్వారీ గుంత ఒకటుంది. దాంట్లో ఒక రసాయనాల కంపెనీ ట్యాంకర్లు దొంగచాటుగా వ్యర్థాలు వదిలిపోతున్నాయని అప్పుడు బయటపడింది. గుడి సంఘపెద్ద జయపాల్ సర్కారుకు అర్జీ రాశాడు, ఆమె చెప్పింది చెప్పినట్టు. ఆ చెప్పడంలోనే కొంప మునిగింది. నీళ్ళు ఏ రకంగా చెడినా రాహేలమ్మ నోటికొచ్చే మాట ఒకటే. "మా బావి మళ్ళీ చౌడెక్కినాది" అంది, కింద సంతకం పెట్టింది.

అర్జీ మీద ప్రయోగశాల నుంచి శ్రీదేవి అనే అధికారి వచ్చింది. గుంతలో, రాహేలమ్మ బావిలో, ట్యాంకర్ల జోలి లేని అవతలి చేలోని ఇంకో చౌడుబావిలో నీళ్ళు పట్టి, రాహేలమ్మ ఎదుటే సీసాలకు లక్క సీలు వేసింది. కంపెనీ మీద కేసయింది. గెలిస్తే గుంత శుభ్రం చేయిస్తారు. ఓడితే ట్యాంకర్లు మళ్ళీ వస్తాయి, చేను మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ రోజు వరండాలోంచి పిలుపొచ్చి బోనెక్కిన రాహేలమ్మను కంపెనీ వకీలు జ్ఞానేశ్వర్ మహా మర్యాదగా అడిగాడు.

"చౌడు అంటే ఏమిటమ్మా?"

"ఉప్పునేల సామీ."

"మీ తాతల నాటి నుంచీ ఉన్నదేనా?"

"ఉండేదే."

"మీ బావిని ఏమంటారు?"

"చౌడుబావి."

"మరి అర్జీలో ఏం రాయించారు?"

"చౌడెక్కినాదని."

తాతల నాటి చౌడుకు కంపెనీ ఏం చేస్తుంది, ఇంక అడిగేదేమీ లేదని వకీలు కూర్చున్నాడు. జడ్జి గడియారం చూసి భోజనాలకు లేచాడు.

బయట మెట్ల మీద యేసుప్రసాద్ క్యారియర్ విప్పాడు. ఆమెకు ముద్ద దిగలేదు. నా నోటితో నేనే నా చేను పోగొట్టుకుంటినే అని ఒకటే కుమిలిపోతోంది. "గుళ్ళో చౌడు పాయె అని సాక్ష్యం చెప్తివి, ఈడ చౌడు వచ్చె అని చెప్తివి. యాది నిజమే?" అన్నాడు మొగుడు. నవ్విద్దామనే అన్నాడు పాపం. ఆమెకు ఒళ్ళు మండింది.

"నీ నోట్లో మన్ను పడ!" అని విసురుగా లేచేసరికి పసుపు కలిపిన చిత్రాన్నం తెల్లచీర కొంగు మీద పడింది. కొళాయి దగ్గరికి పోయి, అక్కడున్న సబ్బుముక్కతో రుద్దింది. మరక కళ్ళముందే ఎర్రగా తిరిగింది. రుద్దడం ఆపి దాన్నే చూస్తూ నిలబడిపోయింది. చౌడు ఉంటే ఇట్లా తిరగాలి కదా! మరి ఇప్పుడు బావిలో తిరగడం లేదే!

తడికొంగుతోనే సర్కారు లాయరు దగ్గరికి పరుగెత్తింది.

మధ్యాహ్నం ఆయన జడ్జి అనుమతితో ఆమెను మళ్ళీ బోనెక్కించాడు. వెనక బల్లల మీద జయపాల్, సంఘంవాళ్ళు పదిమంది కూర్చున్నారు. వాళ్ళ ముందు ఈ మాట అనాలంటే ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనయింది. అయినా అంది.

"గుళ్ళో నేను తప్పు సాక్ష్యం చెప్పినా సామీ. పసుపు ఎర్రగ తిరగకపోతే చౌడు పోయినాదని సంబరపడితి. అంతకంటే పాడుది వచ్చి చేరిందని నాకేం తెల్సు? నీళ్ళు చెడితే మేం చౌడనే అంటాం. మాకు ఇంకో మాట రాదు." తడికొంగు ఎత్తి చూపించింది. "సబ్బుకు తిరిగినాది సూడండి. నా బావి నీళ్ళకు తిరగదు."

"మరకలు కూడా సాక్ష్యాలేనా?" అని జ్ఞానేశ్వర్ నవ్వాడు.

తర్వాత బోనెక్కిన శ్రీదేవి నవ్వలేదు. "పరీక్ష కాగితం చేసే పనే పసుపూ చేస్తుంది సార్. చౌడు గానీ సబ్బు గానీ తగిలితే ఎర్రబడుతుంది, యాసిడ్ తగిలితే మారదు. మేం పీహెచ్ అనే కొలత చూస్తాం, అది ఏడు దాటితే చౌడు గుణం, ఏడుకు తగ్గితే యాసిడ్ గుణం. అవతలి చౌడుబావి ఎనిమిది పాయింట్ తొమ్మిది. ఈమె బావి నాలుగు. క్వారీ గుంత రెండున్నర. గుంతలో దొరికిన రసాయనాలే ఈమె బావిలోనూ దొరికాయి."

"చౌడు వల్ల నీళ్ళు ఇట్లా అవుతాయా?" జడ్జి అడిగాడు.

"ఎన్నటికీ కావు సార్. చౌడు దానికి విరుద్ధం."

జ్ఞానేశ్వర్ కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

నాలుగు నెలలకు కంపెనీ యజమానికి శిక్ష పడింది. గుంతలోది తోడి ఎత్తుకుపోయారు. బావి ఎప్పుడు బాగవుతుందని అడిగితే, "ఏళ్ళు పట్టొచ్చమ్మా" అంది శ్రీదేవి. ఏళ్ళంటే రాహేలమ్మ ఆగుతుందా? రోజూ పొద్దున్నే పసుపుగుడ్డ తీసుకుపోయి బావినీళ్ళలో ముంచుతుంది. ఎండకు పట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంది. పసుపు పసుపుగానే ఉంటుంది.

మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ మళ్ళీ లేచి నిలబడింది.

"సాక్ష్యం కాదు, ప్రార్థన అడుగుతాండా. ముప్పై ఏండ్లు వద్దు వద్దు అని ఏడిస్తి. నా చౌడు నాకు తిరిగి రావల్లని అందరూ ప్రార్థన చేయండి."

అందరికంటే ముందు యేసుప్రసాద్ ఆమెన్ అన్నాడు.