సొట్ట తీసిన విమానం

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా షెడ్డుకు ఆ విమానం లారీ మీద వచ్చింది, రెక్కలు విడిగా, ఒళ్లు విడిగా. ఒకే ఇంజిన్, లావుపాటి టైర్లు, మొరటు రూపం. రన్‌వేలు లేని మంచు అడవుల్లో, ఏటి ఒడ్డున గులకరాళ్ల మీద దిగడానికే దాన్ని చేశారట. ఉత్తరాలు, పిండి బస్తాలు, రోగులు, అన్నీ అందులోనే వెళ్లేవట. అక్కడ అరిగిపోయాక ఆఫ్రికాలో మరికొన్నేళ్లు తిరిగిందట. చివరికి ఇక్కడి పెద్దాయన ఒకరు తన తోటలో నిలబెట్టుకుందామని కొన్నారు. ఇదంతా మా ఫోర్‌మన్ భాయ్ చెప్పాడు. ఆయనది కరీంనగర్. పూచీపడి నన్ను ఆ పనిలో పెట్టించింది ఆయనే.

నాకప్పగించింది తలుపుల మీద పాత రంగు గీకడం. అంతే. కానీ జగిత్యాలలో నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి దేనికొచ్చినా సరే, పక్కన చిన్న సొట్ట కనిపిస్తే అడగకుండానే తీసి పంపేవాళ్లం. వదిలేస్తే మాకే నామోషీ. ఈ విమానం కుడి తలుపు కింద అరచేయంత సొట్ట ఉంది. అందరూ తిండికి వెళ్లిన వేళ బయట దిమ్మె ఆనించి, లోపలినుంచి చెక్క సుత్తితో మెల్లగా కొట్టి తీసేశాను. తడిమితే ఆనవాలు లేదు. పైగా మురిసిపోయాను.

భాయ్ వచ్చి చూసి అక్కడే కూలబడ్డాడు.

"దీన్ని ఎవరు తియ్యమన్నరురా నిన్ను?"

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. నొప్పులు పడుతున్న ఒకామెను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఏటి ఒడ్డున రాయి తగిలి పడిన సొట్ట అది. దారిలోనే, గాల్లోనే బిడ్డ పుట్టిందట. ఆ తర్వాత దాన్ని నడిపినవాళ్లెవరూ ఆ సొట్ట జోలికి పోలేదు. పెద్దాయన కొన్నది ఆ కథ విని. ఒకప్పుడు దాన్ని తానే నడిపి, ఇప్పుడు దాని రిపేర్లు తనిఖీ చేసే ముసలి ఇంజినీరు రెండు రోజుల్లో చూడ్డానికి వస్తున్నాడు.

ఆ రెండు రోజులూ నాకు ముద్ద దిగలేదు. వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారు, నాతో పాటు భాయ్‌నీ పంపేస్తారు. ఇదే ఆలోచన. ఇంటినుంచి ఫోన్ చేసి "దుబాయ్‌ల మంచిగున్నవా?" అంది అమ్మ. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. "ఉన్ననే" అన్నాను.

"మల్ల సొట్ట కొడ్త భాయ్, అట్లనే కొడ్త" అని సుత్తి పట్టుకుని బతిమాలాను.

"రాయి కొట్టింది వేరు, నువ్వు కొట్టేది వేరు. ఓడల తెచ్చేటప్పుడు ఏమైందో మనకెరుక లేదందం. నువ్వు నోరు తెరవకు."

ఇంజినీరు వచ్చాడు. తిన్నగా కుడి తలుపు దగ్గరికి పోయి చేయి పెట్టాడు. ఆ అరచేయి అక్కడే తడుముతూ ఉండిపోయింది. వంగి చూశాడు, మళ్లీ తడిమాడు. ఇంగ్లీషులో ఏదో అడిగాడు. భాయ్ ఓడ మాట ఎత్తబోయాడు. ఆ చేయి వెతుకుతుంటే చూడలేకపోయాను.

"నేనే సార్. నేనే తీసిన."

భాయ్ కళ్లు మూసుకుని, ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన కోప్పడలేదు. సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి, నా పేరు అడిగాడు. ఇంటికి పంపే కాగితమే అనుకున్నాను. నాన్న పేరుతో సహా ఒక్కో అక్షరం చెప్పాను.

ఆయన రాసింది భాయ్ చదివి వినిపించాడు. ఆ విమానానికి పుట్టినప్పటినుంచి ఎవరు, ఎక్కడ, ఏ రిపేరు చేశారో అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయట. చివర్న కుడి తలుపు కింద సొట్ట తీసివేత, దోహా, నా పేరు.

వెళ్తూ ఆయన భాయ్‌తో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను.

"పని మస్తు మంచిగున్నదట. సొట్ట యాడ ఉండెనో ఆయనకే దొరుకుతలేదట."

ఉద్యోగం పోలేదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ లోపల గుచ్చుతూనే ఉంటుంది. అప్పటినుంచి ఏ బండి మీద ఏ సొట్ట కనిపించినా, సుత్తి ఎత్తకముందు సొంతదారును అడుగుతాను, ఇది ఉంచాలా, తీయాలా అని.